అచ్చుకు ముందు ఒకసారి వాళ్ళ చెవిన వేయండి

సాలూరులో ఉండి కథలు రాసేవాళ్ళ కథల్లోకి కొండ రాకుండా ఉండదు. వేగావతి ఒడ్డున నిలబడితే ఎదురుగా కొండలే. సుంకి ఘాటీ దిగి వచ్చే లారీలు, అడ్డాకుల మోపులతో, చింతపండు గంపలతో సంతకు దిగే మనుషులు రోజూ కళ్ళ ముందే ఉంటారు. రోజూ చూస్తున్నాం కదా, తెలుసనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒక జాతాపు ఆడమనిషి మీద కథ రాశాను. పత్రికకు పంపే ముందు ఆ తెగలోనే పుట్టి టీచరుగా పనిచేస్తున్న ఒకావిడ చేతికిచ్చాను. రెండు పేజీలు చదివి, "ఏటి మాస్టారూ ఇది? మా అమ్మ ఇలాగ మాట్లాడదండి. సినిమాలో కొండోళ్ళ మాటలా ఉంది" అన్నారు. ఆ కథ తిరగరాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇలా చదివిపెట్టేవాళ్ళను ఇంగ్లీషు ప్రచురణకర్తలు సెన్సిటివిటీ రీడర్లు అంటున్నారు. నేను లోపలి పాఠకులు అంటాను. మనది కాని బతుకు గురించి మనం రాసినప్పుడు, ఆ బతుకులో ఉన్న మనిషే అచ్చుకు ముందు చదివి, ఎక్కడ తప్పుంది, ఎక్కడ నొప్పి పుడుతుంది అని చెప్పడమే ఈ పని. కొత్తగా రాసేవాళ్ళు దీన్ని ఎలా మొదలుపెట్టాలో, నాకు పనికొచ్చిన వరుసలో చెబుతాను.

ముందు మీ చదువు

ఎవరి తలుపూ తట్టకముందు, ఆ లోపలివాళ్ళు తమ గురించి తాము రాసుకున్నది చదవండి. పార్వతీపురం ప్రాంతం నుంచి రాస్తున్న ఆదివాసీ రచయిత మల్లిపురం జగదీశ్ కథల పుస్తకం 'శిలకోల' ఉంది. ట్రాన్స్ మహిళ పాత్ర రాస్తున్నారా? రేవతి జీవితకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. పుస్తకంలో దొరికే జవాబు కోసం ఇంకొకరి సాయంత్రాన్ని అడగకూడదు.

తర్వాత మీ రాతప్రతి తీసుకుని, మీకు నేరుగా తెలియకుండా రాసిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టండి. తిండి, పెళ్ళి, చావు, దేవుడు, తిట్లు, కట్టూబొట్టూ. ఎక్కువ గీతలు అక్కడే పడతాయి.

ఎవరిని అడగాలి

'గిరిజన పాఠకుడు' అనే మనిషి ఎక్కడా ఉండడు. సాలూరు, పాచిపెంట, మక్కువ చుట్టూ జాతాపులున్నారు, సవరలున్నారు, కొండదొరలు, గదబలు, మూకదొరలు ఉన్నారు. సవర భాష ముండా కుటుంబానిది, జాతాపుల పాత భాష కువి ద్రావిడ భాష. ఆ రెండింటికీ చుట్టరికమే లేదు. జాతాపుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఇప్పుడు తెలుగే. అలాంటప్పుడు సవర కథను జాతాపు స్నేహితుడికి చూపించి సరిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు.

తెగ ఒక్కటే చూసినా చాలదు. హాస్టల్లో చదువుకుని పట్నంలో ఉద్యోగం చేస్తున్న కుర్రాడికి తెలిసిన ఊరు వేరు, పోడు చేసుకుంటూ ఊళ్ళోనే ఉన్న పెద్దమ్మకు తెలిసిన ఊరు వేరు. కథలో ఆడమనిషి ఉంటే ఆడమనిషే వినాలి. ఇద్దరు ఉండటం మంచిది, వాళ్ళిద్దరూ వేరు వేరు వయసుల వాళ్ళయితే మరీ మంచిది.

అడిగేటప్పుడు అధికారి ద్వారానో, హాస్టల్ వార్డెన్ ద్వారానో కబురు పెట్టకండి. పైవాళ్ళ నోట వచ్చిన మాటకు కాదనడం కష్టం. కాదనలేని మనిషి మీ కథ బాగులేదని మాత్రం ఎలా చెబుతాడు? మీ దగ్గర చదువుకున్న పిల్లల్ని అడగడమూ ఇంతే.

డబ్బు సంగతి మొదటి రోజే

ఇది పని. పనికి కూలి ఉంటుంది. ఎన్ని పేజీలు, ఎన్నాళ్ళు, ఎంత ఇస్తారు, ఈ మూడూ ముందే చెప్పండి. ఒక పూట కూర్చుని వినాలంటే ఆ మనిషి సంతో, పనో మానుకోవాలి. కనీసం ఆ రోజు కూలికి తక్కువ కాకుండా ఇవ్వాలి. కథ ఒప్పుకోకపోయినా, "ఇది రాయకండి" అన్నా, డబ్బు ఇచ్చి తీరాలి. కథలో హత్య, అత్యాచారం, తెగను తిట్టే మాటలు ఉంటే అవి ఫలానా పేజీలో ఉన్నాయని ముందే చెప్పాలి. చదవాలో వద్దో వాళ్ళు తేల్చుకుంటారు.

వినిపించడం

ప్రూఫులు దిద్దే రోజుల్లో చూపిస్తే లాభం లేదు. అప్పటికి మార్చే మనసు మనకుండదు. మొదటి ప్రతి పూర్తయి, ఇంకా వదులుగా ఉన్నప్పుడే చూపించాలి.

వాళ్ళ ఊరికి మీరే వెళ్ళండి. మీ ఇంటికి పిలిస్తే ఎక్కడ కూర్చోవాలో చూసుకోవడంతోనే వాళ్ళకు సగం పూట పోతుంది. చదవలేని పెద్దవాళ్ళకు మీరే పైకి చదవండి. నాకు ఎక్కువ నేర్పింది ఈ చదివి వినిపించడమే. కాగితం మీద గంభీరంగా కనిపించిన వాక్యం ఆ అరుగు మీద బిగ్గరగా చదివేసరికి నా నోటికే అబద్ధంగా తగిలింది. వాళ్ళు నవ్విన చోట, ముఖం తిప్పుకున్న చోట గుర్తు పెట్టుకోండి.

"ఎలా ఉంది?" అని అడగకండి. "బాగుంది బాబూ" అంటారు, అది మర్యాద. చిన్న ప్రశ్నలు అడగండి. ఈ నెలలో ఈ పంట ఇంటికొస్తుందా? కొత్తల పండగ కాకముందే ఈ పిల్ల మామిడికాయ తింటోంది, తింటుందా? ఊరి పూజలు చేసే ఎజ్జోడు ఇలా మాట్లాడతాడా? ఈ కోడలు మామగారిని ఏమని పిలుస్తుంది?

అలా అడిగిన రోజే నాకు 'అమాయక' అనే మాట సంగతి తెలిసింది. మన పత్రికల్లో గిరిజనులు అన్న మాటకు ముందు అది అతుక్కుని ఉంటుంది. నా కథలోనూ చింతపండు తూకంలో మోసపోయే అమాయకుడు ఒకడున్నాడు. విన్న పెద్దాయన అన్నాడు: "తూకం తక్కువని మాకు తెలుస్తాది బాబూ. అప్పుంది కాబట్టి ఊరుకుంటాం." ఆ ఒక్క మాటతో నా కథలో దోషి మారిపోయాడు. తెలివితక్కువతనం గురించి నేను రాసింది నిజానికి అప్పు గురించిన కథ.

ఇంకోచోట ఒక గదబ పిల్లకు పాత ఫొటోల్లో చూసిన చారల బట్ట కట్టి సంతకు పంపాను. ఆ వయసు పిల్లలు ఇప్పుడు డ్రస్సు వేసుకుని ఫోను పట్టుకుని వస్తున్నారని అక్కడున్న గుంటలే చెప్పారు. సవరల గోడబొమ్మల్ని అలంకారమని రాసిన వాక్యమూ పోయింది. అవి దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేసేవి.

చెప్పింది తీసుకోవడం

ఆ పూట మీ పని రాసుకోవడం. వాదన వద్దు. "నా ఉద్దేశం అది కాదు" అన్న మాట నోటిదాకా వస్తుంది, మింగేయండి. మీ ఉద్దేశం పుస్తకంతోపాటు పాఠకుడి ఇంటికి వెళ్ళదు.

ఇంటికొచ్చాక విడదీయండి. పంట, పండగ, పిలుపు లాంటి తప్పులు వెంటనే దిద్దండి. తెగ పేరును తిట్టుగా వాడటం, 'గుడ్డి', 'కుంటి' అంటూ నానుడి పేరుతో పెట్టిన పోలికలు తీసేయండి. పాత్ర నోట తిట్టు తప్పదనుకుంటే, అది కథకుడి గొంతులోకి జారకుండా చూసుకోండి. కథ చూపే తీరుమీదే అభ్యంతరం వస్తే మాత్రం తొందరపడకండి. వారం ఆగి మళ్ళీ వెళ్ళి మాట్లాడండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే, ఆ తేడా కూడా ఆ ఊరి నిజమే. దాన్ని కథలోకే తేవచ్చు. మార్చాలా వద్దా అన్న చివరి నిర్ణయం మీది. దాని బాధ్యతా మీదే. రేపు ఎవరైనా తప్పు పట్టుకుంటే "ఫలానా వాళ్ళకు చూపించాను" అని వాళ్ళను ముందు నిలబెట్టకూడదు.

"ఈ పూజ బయట చెప్పేది కాదు" అంటే అక్కడితో ఆపేయాలి. ఊరి పేరు వద్దంటే తీసేయాలి. ఆంధ్రా, ఒడిశా రెండూ తమవంటున్న కొటియా ఊళ్ళలో ఎవరి దగ్గర ఏ రాష్ట్రం కార్డులున్నాయో కథలో రాస్తే, రేపు ఇబ్బంది పడేది రచయిత కాదు.

పేరు

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఏళ్ళ తరబడి సవర భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. గిడుగు మనందరికీ తెలుసు. ఆయనకు నేర్పిన మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? అందుకే ముందుమాటలో పేరు వేయమంటారా, వద్దంటారా అని అడగండి. వేయమంటే వాళ్ళు చెప్పిన అక్షరాలతోనే వేయండి. వద్దంటే ఊరిని బట్టి పోల్చుకునేలా కూడా రాయకండి.

పుస్తకం వచ్చాక రెండు ప్రతులు పట్టుకుని మళ్ళీ కొండెక్కండి. మార్చిన చోట్లు చదివి వినిపించండి. మార్చనివి ఎందుకు మార్చలేదో కూడా చెప్పండి. ఒక ప్రతిలో ఖాళీ పేజీలు కుట్టించి తీసుకెళ్ళండి, రెండో ముద్రణకు దిద్దాల్సినవి అక్కడే రాసుకోవడానికి.