దూరాన ఉన్నవారితో కలిసి పనిచేయడం నేర్పాలి

పులివెందులకు 2006లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, ఇడుపులపాయకు 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చాయి. చదువు మన పిల్లలకు దగ్గరైంది. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఒకరు బెంగళూరులో, ఇంకొకరు అమెరికాలో కూర్చుని ఒకే ప్రోగ్రాం రాయాల్సి వస్తుంది. ఆ అలవాటు ఎక్కడ నేర్పుతున్నాం? ప్రాజెక్టు మీద నలుగురి పేర్లుంటాయి, పని ఒక్కరే చేస్తారు. మా బడిలోనూ ఇదే తంతు!

ఒక అభ్యాసం చూడండి. చందాల పద్దు రాసే ప్రోగ్రాంను మూడు ఊళ్ల విద్యార్థులకు పంచుదాం. నమోదు పులివెందుల వారిది, రసీదు ప్రొద్దుటూరు వారిది, ఏడాది మొత్తం జమ్మలమడుగు వారిది. ఒకరు తేదీలో రోజు ముందు రాస్తారు, మరొకరు నెల ముందు రాస్తారు. అప్పుడు 3-4 అంటే ఏప్రిల్ 3 అనుకోవాలా, మార్చి 4 అనుకోవాలా? ఎవరి భాగం వారి దగ్గర సరిగ్గానే నడుస్తుంది. మూడూ కలిపినప్పుడే లెక్క తప్పుతుంది. అందుకే ఒప్పందం ముందే రాసుకోవాలి. ఫోన్‌లో అనుకున్నది నాలుగు రోజుల్లో నలుగురికీ నాలుగు రకాలుగా గుర్తుంటుంది.

లినక్స్ పని కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ ఉచితంగా దొరుకుతుంది. ఏ వరుసను ఎవరు, ఎప్పుడు మార్చారో అది చూపిస్తుంది. ఎందుకు మార్చారో మాత్రం విద్యార్థే రాయాలి. ఆ రాతకూ, తోటివారి తప్పును నొప్పించకుండా చెప్పినందుకూ మార్కులు వేయాలని మా అభిప్రాయం.

ల్యాప్‌టాప్‌లు ఇచ్చే దాతలకు ఒక మనవి. ఊరికొకరు చొప్పున ముగ్గురిని జట్టుగా చేసి ఇవ్వండి. మొదటి పనిగా మన సొసైటీ చందాల పద్దునే అప్పగించండి.