అతి చిన్న జాతి కుక్కపిల్లల ఎంపికలో ఆరోగ్య అంశాలు

వరిలో పొట్టితనం రైతుకు మేలు చేసింది. 1966లో విడుదలైన ఐ.ఆర్.8 వంటి పొట్టి రకాలు పడిపోకుండా నిలిచి, ఎక్కువ ఎరువును వినియోగించుకొని అధిక దిగుబడినిచ్చాయి. కుక్కలలో పరిమాణాన్ని కేవలం వేడుక కోసం తగ్గిస్తూ పోయినపుడు అటువంటి ప్రయోజనమేదీ లేకపోగా, కాలేయం, ఎముకలు, శ్వాసనాళం, దంతాలు ఇబ్బందికి గురవుతాయి. పట్టణ కుటుంబాలు చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, పొమెరేనియన్ పిల్లలను కోరుకుంటున్న నేపథ్యంలో, సలహా ఇచ్చే విస్తరణ సిబ్బందికి ఈ విషయాలపై అవగాహన అవసరం.

'టీకప్' అనే పేరు

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఎదిగిన చివావా బరువు 3 కిలోలకు, యార్క్‌షైర్ టెర్రియర్ బరువు 3.2 కిలోలకు మించరాదు. 'టీకప్' అనే జాతి ఏదీ గుర్తింపు పొందలేదు. అది కేవలం వ్యాపార నామం. ఒక ఈతలో అన్నిటికన్నా చిన్నవిగా పుట్టిన వాటినే తరతరాలుగా జతకట్టించడం, తల్లి నుండి ముందే వేరుచేసిన పిల్లకు ఎక్కువ వయసు చెప్పడం, చాలీచాలని ఆహారం పెట్టడం ఇందుకు అనుసరించే మార్గాలు. అందువల్ల కొన్ని సందర్భాలలో చిన్నతనమే రోగ లక్షణం కావచ్చు.

ప్రధాన సమస్యలు

రక్తంలో చక్కెర తగ్గడం: అతి చిన్న పిల్లల కాలేయంలో, కండరాలలో గ్లైకోజెన్ నిల్వలు స్వల్పం. శరీర బరువుతో పోల్చితే ఉపరితలం ఎక్కువ కావడంతో వేడిని త్వరగా కోల్పోతాయి. కొన్ని గంటలు ఆహారం అందకపోయినా నీరసం, వణుకు, తూలడం, మూర్ఛ సంభవించి ప్రాణాపాయం కలుగవచ్చు. అటువంటి స్థితిలో చిగుళ్ళకు తేనె లేదా చక్కెర పాకం రాసి, వెచ్చగా ఉంచి వెంటనే పశువైద్యుని వద్దకు చేర్చాలి. స్పృహలేని పిల్ల నోటిలో ద్రవం పోయరాదు; అది ఊపిరితిత్తులలోకి చేరుతుంది.

కాలేయ రక్తనాళ లోపం: పేగుల నుండి కాలేయాన్ని చేరవలసిన రక్తం పక్కదారి నాళం గుండా మళ్ళుతుంది. యార్క్‌షైర్ టెర్రియర్లలో ఇది అధికం. ఎదుగుదల లోపించడం, తిన్న తరువాత మందకొడిగా ఉండడం దీని సూచనలు.

మోకాలి చిప్ప జారడం: పిల్ల నడుస్తూ వెనుక కాలిని కొన్ని అడుగులు ఎత్తిపట్టి, తిరిగి మామూలుగా నడుస్తుంది.

శ్వాసనాళం ముడుచుకోవడం: మృదులాస్థి వలయాలు బలహీనపడి, బాతు అరుపు వంటి పొడి దగ్గు వస్తుంది. మెడపట్టీకి బదులు ఛాతీపట్టీ వాడాలి.

మాడు పూడకపోవడం: చివావాలలో ఇది తరచుగా కనిపిస్తుంది. దీనిని మాత్రమే రోగంగా భావించనక్కరలేదు. అయితే తల ఉబ్బుగా ఉండి, కన్నులు బయటికి, కిందికి తిరిగి, పిల్ల మందబుద్ధిగా ఉంటే మెదడులో నీరు చేరినదేమో పరీక్షించాలి.

దంతాలు: చిన్న దవడలో 42 శాశ్వత దంతాలు ఇమడాలి. ఆరేడు నెలలకు కూడా పాలపళ్ళు ఊడకపోతే తీయించాలి.

ఎంపికలో జాగ్రత్తలు

భారత ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయాల నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. అతి చిన్న జాతులలో మరికొన్ని వారాలు తల్లి వద్ద ఉంచడం శ్రేయస్కరం. తల్లిని, వీలైతే తండ్రిని, తోటి పిల్లలను చూడాలి. పుట్టిన నాటి నుండి బరువుల నమోదు, టీకాలు, నట్టల మందు వివరాలు అడగాలి. పిల్ల చురుకుగా ఆడుతూ, కళ్ళెదుట ఆహారం తినాలి. కొనుగోలుకు ముందే పశువైద్య పరీక్ష జరిపించడం మంచిది. ఇంటికి తెచ్చిన తొలి వారాలలో రోజుకు నాలుగైదు పర్యాయాలు కొద్దికొద్దిగా మేపాలి. పాత ఆహారాన్ని ఒక్కసారిగా మార్చరాదు.

ముగింపు

పిల్ల ఎంత చిన్నది అనే దానికన్నా ఎందుకు చిన్నది అనే ప్రశ్న ముఖ్యం. తోటి పిల్లలలో మధ్యస్థ బరువు కలిగి, క్రమంగా ఎదుగుతున్న పిల్లనే ఎంచుకొమ్మని సలహా ఇవ్వాలి. కొనుగోలుదారు అతి చిన్న పిల్లకే ఎక్కువ ధర చెల్లించినంతకాలం ఆ బలహీనతే తరువాతి తరానికి సంక్రమిస్తుంది.