ల్యాబ్‌లో చెయ్యాలి, చెయ్యకూడదు

పిల్లలూ, ఈ వారం పాఠం మా అక్క కూతురి వల్ల వచ్చింది. తను ఇక్కడే అమెరికాలో పుట్టింది, ఇప్పుడు తొమ్మిదో తరగతి. స్కూలు తెరిచిన మొదటి వారంలో ఒక కాగితం పట్టుకొచ్చింది. సైన్స్ ల్యాబ్ నియమాలు, రెండు పేజీలు. కింద పిల్లల సంతకం, పెద్దవాళ్ళ సంతకం పెట్టాలి. "చదివావా?" అని అడిగాను. "అందరూ ఊరికే సంతకం పెట్టేస్తారు పిన్నీ" అంది. అప్పుడే తెనాలి నుంచి అమ్మమ్మ వీడియో కాల్‌లో ఉంది. "ఏం రాసుందే అందులో?" అని అడిగింది. మా పిల్ల కాసేపు మాటలు వెతుక్కుని "సేఫ్టీ స్టఫ్ అమ్మమ్మా" అంది. అమ్మమ్మకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే పిల్లకి కూడా అందులో ఏముందో తెలియదని నాకు అప్పుడే తెలిసింది.

అందుకని ఆ రెండు పేజీలూ మనం తెలుగులో చెప్పుకుందాం. ముందు కొన్ని మాటలు.

ప్రయోగశాల అంటే ల్యాబ్. అందులో చేసేది ప్రయోగం. ఆమ్లం అంటే యాసిడ్, నిమ్మరసంలో పుల్లగా ఉండేది అదే జాతి. క్షారం దానికి ఎదురు జాతి, పట్టుకుంటే సబ్బులా జారుతుంది. (పట్టుకుని చూడకండి! నేను చెప్తున్నాను, చాలు.) ద్రావణం అంటే నీళ్ళలో ఏదైనా కరిగించినది. ఉప్పు నీళ్ళు కూడా ద్రావణమే. పరీక్షనాళిక అంటే టెస్ట్ ట్యూబ్. ఆవిరి, పొగ, మంట, గాజు మీకు తెలిసిన మాటలే. గాఢమైనది అంటే చిక్కటిది, పలచనిది అంటే నీళ్ళు ఎక్కువ కలిపినది.

ఇప్పుడు వ్యాకరణం. నియమాలు చెప్పాలంటే తెలుగులో మూడు తోకలు చాలు.

చెయ్యాలి: తప్పదు. "కళ్ళద్దాలు పెట్టుకోవాలి."
చెయ్యకూడదు: తప్పు. "ల్యాబ్‌లో ఏమీ తినకూడదు."
చెయ్యవచ్చు: ఇష్టమైతే. "టీచర్ చెప్పాక మొదలుపెట్టవచ్చు."

మాట్లాడేటప్పుడు "పెట్టుకోవాలి", "తినకూడదు" అలాగే అంటాం. "మొదలుపెట్టవచ్చు" మాత్రం "మొదలుపెట్టొచ్చు" అవుతుంది. అమ్మమ్మతో అలాగే మాట్లాడండి, రాసేటప్పుడు పూర్తిగా రాయండి.

తోకల కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అది "లో". ఈ రెండు వాక్యాలు పైకి చదవండి.

నీళ్ళలో ఆమ్లం పొయ్యాలి.
ఆమ్లంలో నీళ్ళు పొయ్యకూడదు.

తెలుగులో మాటల వరస మారినా అర్థం మారదు. "ఆమ్లం నీళ్ళలో పొయ్యాలి" అన్నా మొదటి వాక్యమే. "లో" ఏ మాటకి అంటుకుందో అదే గిన్నెలో ముందు ఉన్నది. ఆ ఒక్క అక్షరం పక్క మాటకి మారితే మొహం కాలుతుంది, ఊరికే అనడం లేదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీళ్ళకంటే దాదాపు 1.8 రెట్లు బరువు. నీళ్ళతో కలిసినప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది. ఆమ్లం మీద కొంచెం నీళ్ళు పోస్తే ఆ నీళ్ళు తేలికగా ఉంటాయి కాబట్టి పైనే నిలుస్తాయి, అక్కడికక్కడే మరుగుతాయి, ఆమ్లాన్ని వెంటేసుకుని పైకి చిమ్ముతాయి. అమ్మ పోపు పెట్టేటప్పుడు కాగిన నూనెలో తడి గరిటె పెడితే ఏమవుతుందో చూశారుగా! అలాంటిదే, కాకపోతే చిమ్మేది ఆమ్లం. అదే ఎక్కువ నీళ్ళలో ఆమ్లాన్ని సన్నగా, కలుపుతూ పోస్తే ఆమ్లం కిందికి దిగుతుంది, పుట్టిన వేడిని నీళ్ళన్నీ పంచుకుంటాయి. స్కూళ్ళలో ఈ పని సాధారణంగా టీచరే చేస్తారు. అయినా మీకు తెలిసి ఉండాలి.

కళ్ళద్దాల సంగతి. చూపు కోసం పెట్టుకునే కళ్ళద్దాలు సరిపోవు, పక్కల నుంచి చుక్క లోపలికి వస్తుంది. ల్యాబ్ గాగుల్స్ చుట్టూ మూసి ఉంటాయి. వాటి మీద చిన్నగా జెడ్87 అని అచ్చు ఉంటుంది, వెతికి చూడండి. మామూలు కళ్ళద్దాల పైనుంచే పెట్టుకోవాలి. మంచు పట్టినట్టు మసకేస్తే నుదుటి మీదికి నెట్టేస్తారు చాలామంది. మా పిల్ల కూడా చేసిందట. మసకేస్తే బల్ల దగ్గర నుంచి దూరంగా వెళ్ళి తుడుచుకోవాలి. మీ ప్రయోగం అయిపోయినా పక్క బల్ల మీద ఇంకా అవుతూ ఉంటుంది కాబట్టి అందరిదీ అయ్యేదాకా తియ్యకూడదు.

కంట్లో ఏదైనా పడితే కన్ను కడిగే కుళాయి ఉంటుంది. రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని 15 నిమిషాలు కడగాలి. 15 నిమిషాలంటే నాలుగు సినిమా పాటలు. చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మధ్యలో ఆపకూడదు. ఆ కుళాయి మీ ల్యాబ్‌లో ఎక్కడుందో మొదటి రోజే చూసుకోండి. కళ్ళు మూసుకుని అక్కడికి వెళ్ళగలరా?

జడ వేసుకోవాలి లేదా జుట్టు ముడి వేసుకోవాలి. వేళ్ళు కనిపించే చెప్పులు వేసుకోకూడదు. పండగ రోజు స్కూలుకి చున్నీ వేసుకుని వెళ్తే ల్యాబ్ ముందు తీసి బ్యాగులో పెట్టాలి.

వేడి గాజు, చల్లని గాజు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. పట్టుకునే ముందు చేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి చూడాలి, తాకకూడదు. పరీక్షనాళిక వేడి చేసేటప్పుడు దాని మూతి మీ వైపూ ఉండకూడదు, ఎవరి వైపూ ఉండకూడదు. వాసన చూడమంటే ముక్కు దగ్గర పెట్టి పీల్చకూడదు. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు చేత్తో ఇలా తీసుకుంటాం కదా, అలాగే గాలిని చేత్తో ముక్కు వైపు కొంచెం తోసుకోవాలి.

ఇక నా సంగతి ఒకటి చెప్తాను. ఇంటర్ రెండో సంవత్సరంలో మా కాలేజీలో పిపెట్ అనే గాజు గొట్టంతో ద్రావణం కొలిచేవాళ్ళం. నోటితో పీల్చి పైకి లాగేవాళ్ళం, జ్యూస్ స్ట్రాతో లాగినట్టు. అప్పట్లో మా దగ్గర అందరూ అలాగే చేసేవారు. ఒకరోజు గొట్టం కొస ద్రావణం లోంచి పైకి వచ్చింది, గాలి బుడగ లాగింది, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గబుక్కున నోట్లోకి వచ్చేసింది. నాలుకంతా సబ్బు తిన్నట్టు జారిపోయింది. పలచని ద్రావణం కాబట్టి సరిపోయింది. అయినా రెండు రోజులు కారం తినలేకపోయాను. నేను సిగ్గుపడేది మాత్రం ఇంకో విషయానికి: మా సార్‌కి చెప్పలేదు. తిడతారని, ప్రాక్టికల్ మార్కులు తగ్గిస్తారని భయం. బయట కుళాయి దగ్గర పుక్కిలించి వచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ అదే గొట్టం నోట్లో పెట్టుకున్నాను. అది గాఢమైనది అయ్యుంటే?

ఇప్పుడు నోటితో పీల్చకూడదు, రబ్బరు బల్బు వాడాలి. మీ కాగితంలో ఇంకో వాక్యం కూడా ఉంటుంది: ఎంత చిన్న ప్రమాదమైనా వెంటనే టీచర్‌కి చెప్పాలి. మా పిల్లకి నేను గీత గీసి చూపించిన వాక్యం అదొక్కటే.

చెయ్యి కాలితే చల్లటి కుళాయి నీళ్ళ కింద కనీసం 10 నిమిషాలు పెట్టాలి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు రాయకూడదు. మన ఇళ్ళలో ఇవి రాసే అలవాటు ఉంది, అమ్మమ్మతో దీని గురించి వాదన వస్తే నెమ్మదిగా చెప్పండి. ఆమ్లం పడినా నీళ్ళే, ఎక్కువసేపు.

టీచర్ చేసే ప్రయోగంలో కూడా ప్రమాదం ఉండొచ్చు. వేరే వేరే లవణాలు మంటకి వేరే వేరే రంగులు ఇస్తాయి. దాన్ని ఇంద్రధనుస్సులా చూపించడానికి మెథనాల్ అనే ద్రవం వాడేవాళ్ళు. మంట తగ్గిందని పెద్ద సీసాలోంచి ఇంకొంచెం పోస్తే, ఆవిరి అంటుకుని మంట సీసాలోకి పాకి, ముందు కూర్చున్న పిల్లల మీదికి ఎగజిమ్మిన సంఘటనలు ఈ దేశంలోనే చాలాసార్లు జరిగాయి. అందుకే కెమికల్ సేఫ్టీ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ 2013లో, అలా కాలిన ఒక అమ్మాయి చేతే మాట్లాడించి ఒక వీడియో చేసింది. ఇప్పుడు చెక్క పుల్లల్ని లవణ ద్రావణంలో నానబెట్టి బర్నర్ మంటలో పెట్టి అవే రంగులు చూపిస్తున్నారు. ఎప్పుడైనా మంట దగ్గర ద్రవం సీసా కనిపిస్తే, "టీచర్, నేను వెనక కూర్చోవచ్చా?" అని అడగడం మర్యాద తక్కువేం కాదు.

అభ్యాసం

1. ఖాళీలో "లో" సరైన చోట పెట్టి రాయండి: నీళ్ళు___ ఆమ్లం___ పొయ్యాలి. ("నీళ్ళు" కి "లో" చేరితే ఏమవుతుందో చూసుకోండి.)

2. ఇవి "కూడదు" తో మార్చండి: తినాలి, పరిగెత్తాలి, రుచి చూడాలి, ఒంటరిగా చెయ్యాలి.

3. మూడు సీసాలు ఉన్నాయి, మూడింటిలో ఉన్నదీ చూడ్డానికి నీళ్ళలాగే ఉంది. ఒకదానికి చీటీ ఊడిపోయింది. మీరు ఏం చేస్తారు? రెండు వాక్యాలు రాయండి.

4. మీ స్కూలు ల్యాబ్ కాగితం తెచ్చుకుని, అందులో ఐదు నియమాలు తెలుగులో అమ్మమ్మకో, తాతయ్యకో, నానమ్మకో ఫోన్‌లో చెప్పండి. వాళ్ళు అడిగిన ఒక ప్రశ్న, మీరు చెప్పిన జవాబు ఇక్కడ రాయండి. మా అక్క కూతురిని అమ్మమ్మ అడిగింది ఇదీ: "మరి అంత భయమైతే ఎందుకే చెయ్యడం?" దానికి తను ఇంకా జవాబు ఆలోచిస్తోంది.