మన మన్ను ఎక్కడిది?

నరుడు నేలమంటితో నిర్మింపబడెనని ఆదికాండము రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ మన్ను ఎక్కడిదో ఈ నెల పాఠముగా చెప్పగోరుచున్నాము.

సుమారు 456 కోట్ల సంవత్సరముల క్రిందట, క్రొత్తగా పుట్టిన సూర్యుని చుట్టు వాయువును ధూళియు పళ్లెమువలె తిరుగుచుండెను. పొయ్యి దగ్గరనున్న వెన్న కరుగును, దూరముననున్నది గడ్డగానే యుండును గదా? అట్లే సూర్యుని సమీపమున నీరు ఆవిరిగానుండెను. ఇనుము, రాతి పదార్థములే గట్టిపడెను. ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకొని, ఉండలై, కొండలై, తుదకు భూమివంటి గ్రహములాయెను. దూరమున మంచు కూడ నిలిచినందున గురుగ్రహము మిక్కిలి పెద్దదై, వాయువులను తనయొద్దకు లాగుకొనెను.

భూమి కరిగియున్నప్పుడు బరువైన ఇనుము చాలవరకు లోపలికి దిగెను. పైన మిగిలిన కొంత ఇనుము వలననే మన ఎఱ్ఱనేలలకు ఆ రంగు.

అట్లయిన నీరు ఎట్లు వచ్చెను? దూరమున పుట్టిన తడిరాళ్లు భూమిపై పడి కొంత నీరు తెచ్చెనని శాస్త్రజ్ఞులనేకులు తలంచుచున్నారు. 2023 సెప్టెంబరు 24న అమెరికా వారి నౌక బెన్ను అను గ్రహశకలమునుండి 121.6 గ్రాముల మన్ను తెచ్చెను. అందులో నీరు ఇమిడిన బంకమట్టియు కర్బనమును కనబడెను.

కాబట్టి ఊరి బావి నీటికిని పేట బావి నీటికిని పుట్టుక ఒక్కటే. అందరి నెత్తుటిలోని ఇనుమును ఆ ధూళిలోనిదే. పుట్టుకనుబట్టి ఒకనిని తక్కువ చేయువాడు, తన మంటిలో దానికి ఆధారము వెదకి చూచుకొనవలెను.