నిన్నటి ఇన్‌ఛార్జి, నేటి సహోద్యోగి

బట్టల షోరూములలో, సూపర్ మార్కెట్లలో, చెప్పుల దుకాణాలలో పనిచేసే మన యువకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇన్నాళ్ళూ తమ పైన ఇన్‌ఛార్జిగా ఉన్న వ్యక్తిని యజమాని ఆ హోదా నుంచి తప్పించారు. ఆయన ఉద్యోగం మానలేదు. అదే దుకాణంలో, అదే కౌంటర్ దగ్గర, తమ పక్కనే సేల్స్‌మన్‌గా నిలబడుతున్నారు. కాని ఆయన మనసులో మంట ఆరలేదు. సలాం చేస్తే బదులివ్వరు. ఫలానా సరుకు గోడౌన్‌లో ఎక్కడుందని అడిగితే చెప్పరు. కస్టమర్ల ముందే “మొన్నటిదాకా నాకు టీ తెచ్చిచ్చినవాడు” అని దెప్పుతారు. ఇలాంటి మనిషితో రోజుకు పది పన్నెండు గంటలు ఎలా గడపాలి?

ఈ ప్రశ్నకు చాలామంది “సబర్ చేయి” అని ఒక్క మాటతో జవాబు చెప్పి పంపేస్తారు. సబర్ గొప్ప గుణమే. కాని పళ్ళు బిగబట్టి లోలోపల ఉడికిపోవడం సబర్ కాదు. ఎదుటివాడి హక్కు ఏమిటి, నా హక్కు ఏమిటి, ఈ ఇద్దరి మధ్య యజమాని అమానతు ఏమిటి అని తెలుసుకుని నడుచుకోవడమే అసలైన సబర్.

ముందు ఆయన వైపు నుంచి చూద్దాం. ఇరవై ఏళ్ళు చేత్తో బిల్లులు రాసి, సరుకు లెక్క మొత్తం తలలో పెట్టుకుని దుకాణం నడిపిన మనిషి. కంప్యూటర్ బిల్లింగ్ వచ్చింది, బార్‌కోడ్లు వచ్చాయి, ఆయనకు అవి పట్టుబడలేదు. యజమాని ఒక కుర్రవాణ్ణి తెచ్చి పైన కూర్చోబెట్టారు. జీతం తగ్గిందో లేదో గాని, ఇంట్లో భార్యాపిల్లల ముందు, బజారులో తెలిసినవాళ్ళ ముందు ఆయన తల దించుకోవలసి వచ్చింది. పైగా నిన్నటిదాకా “సార్” అని పిలిచినవాళ్ళే తెల్లారేసరికి పేరు పెట్టి పిలవడం మొదలుపెడతారు. హోదా తీసేసింది యజమాని, ఇజ్జత్ తీసేసింది మనం. పెద్దలను గౌరవించనివాడు, చిన్నలపై కరుణ చూపనివాడు మనవాడు కాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హెచ్చరికలో హోదా ప్రసక్తే లేదు. కనుక ఆయనను నిన్న ఎలా పిలిచారో ఈ రోజూ అలాగే పిలవండి. దీనికి ఖర్చేమీ లేదు.

హిజ్రీ 8లో మక్కా జయింపబడిన సందర్భాన్ని గుర్తుచేసుకోండి. అబూ సుఫియాన్ ఏళ్ళ తరబడి ఖురైషుల నాయకుడు, ముస్లిములపైకి సైన్యాలను నడిపించినవాడు. ఆ రోజుతో ఆయన నాయకత్వం ముగిసిపోయింది. ఆయన గౌరవాన్ని ఇష్టపడే మనిషి అని హజ్రత్ అబ్బాస్ (రజి) విన్నవించగా, అబూ సుఫియాన్ ఇంట్లో ప్రవేశించినవారికి అభయమని దైవప్రవక్త (స) ప్రకటింపజేశారు. పెత్తనం తిరిగి ఇవ్వలేదు, కాని పరువు నిలబెట్టారు. ఈ రెండూ వేరువేరని ఈ సంఘటన చూపుతుంది.

ఇక హోదా పోయినవారికి, దానిని తీసేసేవారికి కూడా హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) జీవితంలో ఆదర్శం ఉంది. హిజ్రీ 13లో ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్ (రజి), సిరియా సైన్యాల సర్వాధికారాన్ని ఖాలిద్ నుంచి తీసి హజ్రత్ అబూ ఉబైదా (రజి)కు అప్పగించారు. ఆ ఉత్తర్వు అందిన వెంటనే అబూ ఉబైదా దానిని చాటింపు వేయలేదని, అదను చూసి తెలియజేశారని చరిత్రకారులు రాశారు. చేతికి అధికారం వచ్చిన మనిషి, దిగిపోయే మనిషి మొహం చూసి ఆగారు. ఖాలిద్ కూడా కత్తి కింద పడేసి ఇంటికి పోలేదు. నిన్న తన కింద ఉన్న వ్యక్తి ఆజ్ఞలకు లోబడి పోరాడారు. ఖిన్నస్రీన్ విజయం ఆ రోజులలోదే.

అయితే ఆయనకు బాధ కలగలేదని మనం అనుకోనక్కరలేదు. హిజ్రీ 17లో మిగిలిన పదవి నుంచి కూడా తొలగించినప్పుడు ఆయన మదీనా వెళ్ళి, తన విషయంలో మీరు సరిగా వ్యవహరించలేదని హజ్రత్ ఉమర్ (రజి)తో ముఖాముఖి చెప్పుకున్నారు. బాధపడటం పాపం కాదు. ఆయన ఆ బాధను సంబంధిత వ్యక్తి ఎదుటే వెళ్ళబోసుకున్నారు, సైన్యంలో చిచ్చు పెట్టలేదు. హజ్రత్ ఉమర్ (రజి) కూడా, ఈ తొలగింపు కోపం వల్లనో ద్రోహం వల్లనో కాదని ప్రాంతాలన్నిటికీ లేఖలు రాయించారు. మన దుకాణ యజమానులు ఇక్కడ ఆలోచించాలి. ఒక పాత ఉద్యోగిని కిందికి దించేటప్పుడు, ఆయన నిజాయితీపై ఏ మచ్చా లేదని సిబ్బంది అందరి ముందు రెండు మాటలు చెబితే సగం గొడవలు పుట్టవు. చాలా చోట్ల ఆ రెండు మాటలే కరువు.

మరి ఆయన ఎంతకీ మెత్తబడకపోతే? మేలైన పద్ధతితో చెడును తిప్పికొట్టమని, అప్పుడు పగ పెంచుకున్నవాడే ఆప్తమిత్రుడిలా మారగలడని ఫుస్సిలత్ సూరా 34వ వాక్యం బోధిస్తుంది. ఇది సహనశీలురకే సాధ్యమని ఆ వెంటనే 35వ వాక్యం చెబుతుంది. దుకాణంలో ఈ మేలు చేసే దారులు చిన్నవే. ఏ చీర ఏ ఊరి నేతో, ఏ పాత కస్టమర్‌కు ఏ రకం నచ్చుతుందో ఆయనకు తెలిసినంత మీకు తెలియదు. పండగ రద్దీకి ముందు వెళ్ళి అడగండి. మొక్కుబడిగా కాదు, అవసరం ఉండే అడగండి. ఆయన బిల్లింగ్ దగ్గర తడబడితే పక్కవాళ్ళకు వినబడకుండా నేర్పండి.

సలాం మాత్రం మానకండి. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానేయడం ధర్మసమ్మతం కాదని, ఇద్దరిలో ముందుగా సలాం చేసేవాడే ఉత్తముడని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు తెలుపుతోంది. మీరు సలాం చేసినా ఆయన జవాబివ్వకపోతే, తెగతెంపుల పాపం నుంచి మీరు బయటపడినట్లే. ఆయన ముస్లిమేతరుడైతే? ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని మాయిదా సూరా 8వ వాక్యం ఆదేశిస్తోంది. పలకరింపు మారవచ్చు గాని ఆయన హక్కు మారదు.

ఇబ్లీసు గాథను ఇలాంటి వ్యక్తికి అన్వయించడం మనవాళ్ళకు అలవాటు. “నేను అతనికంటే మేలైనవాణ్ణి” అనే ధోరణి ఇబ్లీసుదే, నిజమే. కాని ఆ మాట ఇప్పుడు దుకాణంలో ఎవరి నోట వస్తోంది? దిగిపోయిన ఆయన నోటనా, కంప్యూటర్ నేర్చుకున్న మన నోటనా?

అమానతు విషయం దగ్గర మొహమాటం పనికిరాదు. ఆయన సరుకు దాచిపెట్టి కస్టమర్లను వెనక్కి పంపుతున్నా, ధరల చీటీలు మార్చుతున్నా, గల్లాలో తేడాను మీ మీద వేస్తున్నా, ఊరుకోవడం యజమానికి ద్రోహం. ముందు ఒంటరిగా ఆయనతోనే మాట్లాడండి. మారకపోతే, ఆ విషయం చక్కదిద్దగలిగిన వ్యక్తికి, మీరు కళ్ళారా చూసినంతే చెప్పండి. ఇది గీబత్ కాదా? ఇమామ్ నవవీ (రహ్మలై) ‘రియాజుస్సాలిహీన్’లో పరోక్షంగా ఒకరి దోషం చెప్పడానికి అనుమతి ఉన్న సందర్భాలు ఆరు అని వివరించారు. అన్యాయానికి గురైనవాడు ఫిర్యాదు చేయడం, చెడును ఆపడానికి సహాయం కోరడం వాటిలో ఉన్నాయి. అదే విషయాన్ని టీకొట్టు దగ్గర తోటివాళ్ళతో నవ్వుతూ చెప్పుకుంటే మాత్రం అది నిజమైనా గీబతే. నిజం కాకపోతే అపనింద.

ఇన్సెంటివ్ గురించి కూడా అడుగుతున్నారు. ఆయన గంటసేపు ఒక కుటుంబానికి చీరలు చూపించి నమాజుకు వెళ్ళారు. ఈలోగా వాళ్ళు కొనేశారు, బిల్లుపై మీ కోడ్ పడింది. కంప్యూటర్ దృష్టిలో అమ్మకం మీది. కాని కష్టం ఆయనది. ఆయన ఎంత దురుసు మనిషైనా, మీతో మాట్లాడకపోయినా, మేనేజరుకు చెప్పి ఆ లెక్క ఆయన పేరున వేయించాలి. ఆయన ఇష్టపూర్వకంగా వదిలేస్తే తప్ప ఆ డబ్బు మీకు హలాల్ అవుతుందని చెప్పలేం. ఆయనే మీ అమ్మకాన్ని తన పేరున వేసుకుంటే అడిగి తీసుకునే హక్కు మీకుంది, క్షమించి వదిలేసే స్వేచ్ఛా ఉంది. కాని దానికి బదులుగా రేపు ఆయన అమ్మకాన్ని మీరు వేసుకోవడానికి వీల్లేదు.

ఇవన్నీ చేసినా ఆ చోట మీ దీన్‌కు, ఆరోగ్యానికి నష్టం కలుగుతుంటే వేరే ఉద్యోగం చూసుకోవడం పిరికితనం కాదు. ఇస్తిఖారా చేసి, మరో పని ఖాయం చేసుకుని, మాట ఇచ్చిన గడువు వరకు పనిచేసి, మీ చేతిలోని స్టాకు లెక్క పూర్తిగా అప్పగించండి. వెళ్ళే రోజు అందరితోపాటు ఆయన దగ్గరికీ వెళ్ళి, తెలిసో తెలియకో నొప్పించి ఉంటే మాఫ్ చేయమని అడగండి. ఆయన ఏ జవాబిచ్చినా, ఇవ్వకపోయినా సరే.