వేళ్ల తిమ్మిరికి ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 48. ఇంట్లో బట్టలు కుడతాను. ఏడాదిగా కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి అర్ధరాత్రి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే కాస్త నయం. ఈమధ్య సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నాను. కార్పల్ టనల్ సిండ్రోమ్ అనీ, ఆపరేషన్ చేయాలనీ డాక్టర్ అన్నారు. నరం కోస్తే చెయ్యి పడిపోదా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: ఈ ఆపరేషన్‌లో నరాన్ని కోయరమ్మా. మణికట్టు ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉండే గట్టి లిగమెంటుకూ మధ్య ఇరుకు దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లతో పాటు మీడియన్ నరం అందులోంచే వెళ్తుంది. అక్కడ ఒత్తిడి పెరిగితే నరం నలిగి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, సగం ఉంగరపువేలు తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలు కూడా మొద్దుబారుతుంటే మెడ, మోచేయి కూడా చూపించుకోవాలి.

తొలిదశలో రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకోవడం, అవసరమైతే స్టిరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి ఉపశమనం ఇస్తాయి. షుగర్, థైరాయిడ్ పరీక్షలూ చేయించుకోండి. నరం ఎంత దెబ్బతిందో నర్వ్ కండక్షన్ పరీక్ష చెబుతుంది. బొటనవేలి మొదట్లో కండ కరుగుతున్నా, పట్టు తప్పుతున్నా ఆపరేషన్ వాయిదా వేయొద్దు. ఆలస్యమైతే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

సాధారణంగా చేతికి మాత్రమే మత్తిచ్చి, లిగమెంటును కోసి నరానికి చోటు కల్పిస్తారు. అదేరోజు ఇంటికి వెళ్లొచ్చు. కుట్లు 10-14 రోజులకు తీస్తారు. రాత్రి తిమ్మిరి త్వరగానే తగ్గుతుంది. స్పర్శ, పట్టు కుదుటపడటానికి మాత్రం నెలలు పట్టొచ్చు. మొదటిరోజు నుంచే వేళ్లు కదిలిస్తూ ఉండండి. కుట్టుమిషన్ మాత్రం డాక్టర్ సరేనన్నాకే.