మగ్గము నుండి కంప్యూటరు ప్రోగ్రామునకు: వృత్తి మారదలచిన యువకులకు ఒక పాఠము

మన నేత కుటుంబముల పిల్లలు మగ్గము విడిచి సాఫ్ట్‌వేరు పనికి పోవలెనని కోరుట ఇప్పుడు ఇంటింటి మాట అయినది. షోలాపురమందైనను, బరంపురమందైనను, సేలము, బెంగుళూరు పేటలయందైనను తలిదండ్రులు అడుగు ప్రశ్నలు రెండే. "మావాడు బి.కాం. చదివినాడు, మగ్గము పని తెలుసును. కంప్యూటరు చదువు చదువనివాడు ఆ పని నేర్వగలడా? నేర్చుటకు ఎంత సొమ్ము పెట్టవలెను?" అని.

మొదటి ప్రశ్నకు జవాబు: నేర్వగలడు. గ్రాఫు చూచి అట్టలు కొట్టగలవానికి ఆ పనిలోని మూలసూత్రము ఇదివరకే తెలుసును. రెండవ ప్రశ్నకు జవాబు: మొదటి మూడు మాసములు ఎవరికిని రుసుము చెల్లింపనక్కరలేదు. ఈ రెండింటికి కారణములు దిగువ వివరించుచున్నాను.

1. చిల్లుల అట్టల సంగతి

ఫ్రాన్సు దేశములో లియాన్ పట్టణము పట్టునేతకు పేరుపొందినది. అచ్చట 1725లో బాసిల్ బుషోన్ అనునతడు చిల్లులుగల కాగితముతో పడుగుపోగులను ఎన్నుకొను పద్ధతి కనిపెట్టినాడు. దానిని మరికొందరు బాగుచేయగా, 1804లో జోసెఫ్ మేరీ జకార్డు తన యంత్రమును స్థిరపరచినాడు. మన మగ్గములపై నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోనికి పోయి హుక్కు లేచును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడి హుక్కు నిలిచిపోవును. ఉన్నది, లేదు అను రెండు మాటలతోనే నెమలి, హంస, మామిడిపిందె అన్నియు తయారగుచున్నవి.

ఇంగ్లాండులో చార్లెస్ బాబేజ్ పండితుడు 1830 తరువాతి సంవత్సరములలో లెక్కలు చేయు యంత్రమునకు నమూనా తయారుచేయుచు, ఈ అట్టలనే ఎరువు తెచ్చుకొన్నాడు. 1843లో ఏడా లవ్‌లేసు అను విదుషి ఆ యంత్రమును గూర్చి వ్రాయుచు, జకార్డు మగ్గము పువ్వులను ఆకులను నేయునట్లు ఇది బీజగణితమును నేయునని పోల్చినది. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ అట్టల యంత్రమునే వాడినాడు. 1960 తరువాత చంద్రుని మీదికి పోయిన అపోలో నౌకల కంప్యూటరులో ప్రోగ్రామును అక్షరాల నేసినారు. తీగ వలయములోపలినుండి పోయినచో ఒకటి, వెలుపలినుండి పోయినచో సున్న. ఆ తీగలను మసాచుసెట్సు రాష్ట్రములోని వాల్తాం కర్మాగారములో స్త్రీలు చేతితో గుచ్చినారు.

కావున ఈ విద్య మనకు పరాయిది కాదు. అంతమాత్రముచేత నేతవానికి ఉద్యోగము నడచి వచ్చునని భ్రమపడరాదు.

2. ప్రోగ్రాము అనగా నేమి?

ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనిని మెట్టుమెట్టుగా వ్రాసి యిచ్చుట. అందు ముఖ్యమైనవి మూడు: క్రమము, ఆవృత్తి, నిబంధన.

ఒక చీర నడుమభాగములో బుటా వేయవలెననుకొనుడు. బుటాకు 60 పేకలు, దానిపై సాదానేత 140 పేకలు, మొత్తము 200. ఇట్లు 50 వరుసలు రావలెను. ఏ పేక తరువాత ఏ పేక అని చెప్పుట క్రమము. 10,000 పేకలకు 10,000 అట్టలు ఎవరును కొట్టరు. బుటాకు 60 అట్టలు కొట్టి, వానినే మరల మరల త్రిప్పుదుము. ఇది ఆవృత్తి. పైథాన్ అను ప్రోగ్రాము భాషలో దీనికి 'ఫర్' అను మాట వాడుదురు.

ఇక బుటాలు ఒకదానిపై ఒకటి నిలువుగా రాక, ఒక వరుస ఎడమకు, ఒక వరుస కుడికి జరిగి రావలెననిన ఏమి చేయవలెను? వరుస సంఖ్యను 2చే భాగించగా శేషము 1 అయినచో ఎడమ అట్టలు, శేషము లేనిచో కుడి అట్టలు. ఇది నిబంధన. దీనికి 'ఇఫ్' అను మాట కలదు. పాఠకులు ఈ మూడింటిని గ్రహించినచో మొదటి పాఠము ముగిసినట్లే. బ్యాంకు లెక్కలైనను, రైలు టిక్కెట్లయినను ఈ మూడింటి కూర్పులే.

3. తప్పు వెదకుట

ప్రోగ్రాము వ్రాయువారి కాలములో పెద్దభాగము తప్పు వెదకుటకే పోవును. ఆ తప్పును వారు 'బగ్' అందురు, అనగా పురుగు. 1947లో హార్వర్డు విశ్వవిద్యాలయపు యంత్రములో నిజముగానే ఒక రెక్కలపురుగు చిక్కుకొనగా, దానిని తీసి దినచర్య పుస్తకములో అంటించినారు.

ఈ వెదకుటలో మనవారికి మంచి అభ్యాసము కలదు. గుడ్డలో లోపము పడుగుదారిన నిలువుగా సాగినచో పోగును గాని హుక్కును గాని చూతుము. ప్రతి బుటాలోను ఒకేచోట వచ్చినచో ఆ అట్టను చూతుము. ఒక్కచోట మాత్రమే కనబడి మరల రానిచో నేసినవాని చేయి తప్పినదందుము. లోపము యొక్క ఆకారమును బట్టి మూలమును పట్టుట ఇదియే. ప్రోగ్రాములోను ఎల్లప్పుడు వచ్చు తప్పు, ఆవృత్తిలో వచ్చు తప్పు, ఒకానొకప్పుడు మాత్రమే వచ్చు తప్పు అని వేరుచేసి వెదకవలెను. మగ్గమంతయు విప్పి చూచువాడు నేతగాడు కానట్లే, ప్రోగ్రామంతయు మార్చి చూచువాడు పనివాడు కాడు.

4. మనకు కొరత యున్నది

మొదటిది ఇంగ్లీషు. మాటలాడుట తరువాత సంగతి. చదివి గ్రహించుట అత్యవసరము. యంత్రము చూపు తప్పుల వివరము, ఉపయోగ గ్రంథములు అన్నియు ఇంగ్లీషులోనే యుండును. దినమునకు ఒక పుట చదివి తెలియని మాటలు వ్రాసుకొనుట మేలు.

రెండవది పట్టాల సంగతి. అనేక కంపెనీలు డిగ్రీ లేనివారి దరఖాస్తు చూడవు. మెట్రిక్‌తో ఆగినవారు జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పన్నెండవ తరగతియు, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా బి.సి.ఏ.యు ఇంటనుండి చదువవచ్చును. చేనేత కుటుంబములవారికి ఈ చదువుల రుసుములో కొంత తిరిగి యిచ్చు పథకమును కేంద్ర జౌళిశాఖ ప్రకటించియున్నది. చేరుటకు ముందే దగ్గరి వీవర్సు సర్వీసు సెంటరులో ప్రస్తుత నిబంధనలు విచారించుకొనవలెను.

మూడవది కాలపు మార్పు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు, ప్రోగ్రాములను తామే వ్రాసియిచ్చు సాధనములు పెరిగినవి. చిన్న చిన్న పనులు అవియే చేయుచున్నవి. కావున చూచి వ్రాయుట మాత్రమే నేర్చినవానికి గిరాకి యుండదు. వ్రాసినది సరియా కాదా అని పరీక్షింపగలవానికే విలువ.

5. మూడు మాసముల పాఠక్రమము

మగ్గము ఆపక దినమునకు రెండు గంటలు, వారమునకు ఆరు దినములు చదువవలెను. పైథాన్ భాషను 1991లో గీడో వాన్ రోసుమ్ వెలువరించినారు. అది ఉచితము. బొంబాయి ఐ.ఐ.టి. వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగులోను కొన్ని గలవు. ఐ.ఐ.టి.ల ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు వినుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము పొందుటకు మాత్రమే చెల్లించవలెను.

మొదటి మాసము: పైన చెప్పిన మూడు సూత్రములు. రెండవ మాసము: నూలు లెక్క ప్రోగ్రాము. నూలు నెంబరనగా పౌను బరువునకు తూగు 840 గజముల చిలపల సంఖ్య. పడుగులో 4,000 పోగులు, పొడవు 24 గజములు అయినచో నూలు 96,000 గజములు. 80 నెంబరు నూలు పౌనుకు 67,200 గజములు. భాగించగా సుమారు 1.43 పౌన్లు, అనగా దాదాపు 650 గ్రాములు. పోగులు, పొడవు, నెంబరు అడిగి, తరుగు కలిపి బరువు చెప్పు ప్రోగ్రామును స్వయముగా వ్రాయవలెను. ఎవరైన నెంబరు చోట సున్న కొట్టినచో ఏమగునో అదియు ఆలోచింపవలెను. మూడవ మాసము: సభ్యునికిచ్చిన నూలు, తెచ్చిన చీరలు, రావలసిన మజూరి చూపు చిన్న ఖాతా.

మూడు మాసముల పిమ్మట ఆ ఖాతా సరిగా పనిచేసి, ఇంకను నేర్వవలెనను ఆసక్తి మిగిలియున్నచో ముందుకు పోవచ్చును. విసుగు పుట్టినచో నష్టమేమియు లేదు. లెక్క తెలిసినది, మగ్గము నిలిచినది. ఆసక్తి గలవారికిని ఉద్యోగమునకు తగిన నేర్పు రావలెననిన ఒకటి రెండు సంవత్సరముల పట్టుదల కావలెను. కూతుళ్ళకును ఇదే క్రమము వర్తించును.

6. సొమ్ము విషయము

ఆరు మాసములలో ఉద్యోగము ఖాయమని చెప్పి ముందుగా పెద్దమొత్తము కట్టించుకొను సంస్థలు ప్రతి పట్టణములోను గలవు. ఉద్యోగము ఇప్పించుటకు డిపాజిట్టు అడిగిన చోటికి పోరాదు. సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఎవరికిని అప్పగింపరాదు. ఉద్యోగము రానిచో రుసుము తిరిగి ఇత్తురా, ఏ షరతులపై ఇత్తురు అను సంగతి కాగితముపై వ్రాయించుకొనవలెను. నోటిమాట చెల్లదు. అప్పుపత్రముపై చదువక సంతకము చేయరాదు. ముఖ్యముగా, మగ్గము అమ్మి గాని, ఇల్లు తాకట్టు పెట్టి గాని ఈ చదువు మొదలుపెట్టరాదు. కుమారుని మొదటి జీతము వచ్చువరకు ఇల్లు నడుపునది ఆ మగ్గమే.

సంఘములు చేయదగినదియు ఒకటి కలదు. కార్యాలయములలోని కంప్యూటర్లు సాయంకాలము ఊరక యుండును. ఒకరి బాధ్యతపై రెండు గంటలు సభ్యుల పిల్లలకు వానిని వదలినచో సంఘమునకు కరెంటు ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశములలో చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గములను కోరుచున్నాను.